రాత్రి నానిందే పొద్దుటి తిండి: చిన్న కమతంలో ఇంటి తిండి ఇంట్లోనే సమకూర్చుకునే విధానం

విజయనగరం జిల్లాలో చంపావతి ఏటికి దగ్గరగా ఉన్న మా ఊళ్ళో మాకు అరెకరం మడి, ముప్పై సెంట్ల మెట్ట, ఇంటి వెనుక పది సెంట్ల పెరడు, ఒక పాడిగేదె ఉన్నాయి. ఇంట్లో అయిదుగురం. ఇంత చిన్న కమతంలో పొలం పని చూసుకుంటూ అంబలి, పెరుగు, నెయ్యి, ఆవకాయ, వడియాలు, గుండలు (పొడులు) అన్నీ ఇంట్లోనే చేసుకోవడానికి తీరిక ఎక్కడిదని పట్నం నుంచి వచ్చిన చుట్టాలు అడుగుతూ ఉంటారు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నాకూ అదే సందేహం ఉండేది. రోజంతా నేను పొయ్యి దగ్గరే ఉన్నా పని తెమిలేది కాదు. మా అత్తగారు రెండు గంటలు వంటింట్లో ఉండి, మిగిలిన పొద్దంతా పెరట్లోనో పొలంలోనో కనిపించేవారు. ఆమె పనిలో ఎక్కువ భాగం నానడానికీ, పులియడానికీ, తోడుకోవడానికీ, ఎండడానికీ వదిలిపెట్టినదేనని చాలా రోజులకు గాని నాకు అర్థం కాలేదు. ఏ పదార్థం ఎంతసేపు దానంతటది తయారవుతుందో తెలుసుకొని, దానికి ముందు మనం చేయవలసిన అయిదు నిమిషాల పనిని వేళ తప్పకుండా చేస్తే చాలు. కింద రాసిన పద్ధతులన్నీ ఆ వేళల చుట్టూ తిరిగేవే.

ముందు ఏడాది లెక్క

కొలత లేకుండా మొదలుపెట్టిన ఇంట్లో సంక్రాంతికి గాదె నిండుగా కనిపించి, ఆషాఢం వచ్చేసరికి అడుగు కనిపిస్తుంది. అందువల్ల కోతలకు ముందే కాగితం మీద లెక్క వేసుకోవాలి. మేము రోజుకు కిలోన్నర బియ్యం వండుతాం. అంటే ఏడాదికి సుమారు 550 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తాను ఆడిస్తే 48 నుంచి 50 కిలోల బియ్యం వస్తాయి కాబట్టి పదకొండు బస్తాలు కావాలి. విత్తనానికీ, పండుగకు వచ్చే చుట్టాలకూ మరొకటి కలిపి పన్నెండు బస్తాలు పక్కన పెట్టుకుంటాం. పంట బాగున్న ఏడు అరెకరం మడి ఆ లెక్కకు సరిపోతుంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, మడిలో పదును ఉండగానే మినుములు, పెసలు చల్లితే, మళ్ళీ దుక్కి దున్నకుండానే పప్పు చేతికి వస్తుంది.

అంబలికి రోజుకు 150 గ్రాముల పిండి చొప్పున ఏడాదికి 55 కిలోల చోళ్ళు (రాగులు) పడతాయి. చెరగడంలో, కడగడంలో పోయేది కలుపుకొని అరవై అనుకోవచ్చు. పది సెంట్ల మెట్టలో వేస్తే ఆ మాత్రం పండడం కష్టం కాదు. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన చోడి రకాల్లో కొన్నింటికి మన ఏళ్ళ పేర్లే, చంపావతి, వేగావతి అని పెట్టారు. హిమ అనే తెల్లచోడి రకం కూడా అక్కడిదే. నలుపు రంగు చూసి ముఖం తిప్పుకునే పిల్లలున్న ఇళ్ళలో తెల్లచోడి అంబలితో అలవాటు చేయడం సులువు. చోళ్ళు గింజగా ఉన్నంతకాలం పురుగు పట్టకుండా ఏళ్ళ తరబడి నిలుస్తాయి. పిండి చేస్తే మాత్రం నెల తిరగకుండానే ముక్కిన వాసన వస్తుంది. కాబట్టి ఒకేసారి బస్తా ఆడించకుండా, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే ఆడించుకోవాలి.

నూనె దగ్గర ఎవరూ గొప్పలకు పోకూడదు. మిగిలిన ఇరవై సెంట్లలో నువ్వులు వేస్తే మంచి ఏడు నలభై, యాభై కిలోలు వస్తాయి. గానుగలో రెండున్నర కిలోలకు ఒక లీటరు చొప్పున పదహారు నుంచి ఇరవై లీటర్లు. ఊరగాయలకే అందులో కొంత పోతుంది గనుక, మిగిలిన నెలలకు నూనె కొనుక్కోవలసిందే. ఉప్పు, బెల్లం, ఇంగువ ఎలాగూ కొనేవే. ఊరగాయకు మాత్రం ప్యాకెట్లలో దొరికే మెత్తని ఉప్పు వద్దు. రాళ్ళ ఉప్పు తెచ్చి, ఎండలో ఆరబెట్టి, దంచి వాడాలి.

సాయంత్రం: దీపాలవేళకు ముందే పిండి కలపాలి

మరునాటి తిండి ముందు రోజు సాయంత్రమే మొదలవుతుంది. "దీపం ఎట్టకముందే పిండి కలిపీయాలమ్మీ, లేకపోతే రేపు పొద్దున్న అందరం ముఖాలు సూసుకోవాలి" అని అత్తగారు అనేవారు. మొదటి ఏడాది ఆ మాట నిజమేనని నేను నాలుగైదు సార్లు రుజువు చేశాను.

మట్టి ముంతలో 150 గ్రాముల చోడిపిండి వేసి, మంచినీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ చేత్తో ఉండలు చిదిపి, దోసెల పిండికన్నా పలచగా కలపాలి. ఉప్పు వేయకూడదు. నిన్నటి అంబలి అడుగున ఒక గరిటెడు మిగిలి ఉంటే అది కలిపితే పులుపు త్వరగా, ఒకే తీరుగా వస్తుంది. ముంత మీద పలచని గుడ్డ కప్పి పొయ్యికి దగ్గరగా పెట్టాలి. ఎండాకాలంలో ఎనిమిది గంటలు చాలు. మార్గశిర, పుష్య మాసాల్లో పదిహేను గంటలైనా పడుతుంది కాబట్టి ఆ రోజుల్లో మధ్యాహ్న భోజనం కాగానే కలిపేయడం మంచిది. తెల్లవారి చూసేసరికి పైన తేట నీరు తేలి, అంచుల వెంట చిన్న చిన్న బుడగలు కనిపించి, మజ్జిగలాంటి పుల్లని వాసన రావాలి. కుళ్ళు వాసన వచ్చినా, పైన గులాబీ రంగు గాని నల్లని మచ్చలు గాని కనిపించినా ఇంకేమీ ఆలోచించకుండా పారబోసి, ముంతను వేడినీళ్ళతో తోమి ఎండలో పెట్టాలి.

ఉదయం రెండు లీటర్ల నీళ్ళు మరగబెట్టి, రెండు గుప్పెళ్ళ బియ్యపు నూకలు కడిగి వేయాలి. నూక వేళ్ళ మధ్య నలిగేలా ఉడికిన తర్వాత మంట తగ్గించి, పులిసిన పిండిని ఒకసారి అడుగు నుంచి కలిపి, ఒక చేత్తో సన్నని ధారగా పోస్తూ రెండో చేత్తో తెడ్డు ఆపకుండా తిప్పాలి. అంబలి మంచిచెడులన్నీ ఈ రెండు నిమిషాల్లోనే తేలిపోతాయి. ధార ఆగినా ఫరవాలేదు గాని తెడ్డు ఆగకూడదు. మొదట బూడిద రంగులో ఉన్న పిండి పది, పన్నెండు నిమిషాలకు ముదురు గోధుమ రంగుకు తిరిగి, పైన నిగనిగలాడుతుంది. పెద్ద పెద్ద బుడగలు టప్పుటప్పుమని పగులుతాయి. తడిచేత్తో తాకి చూస్తే వేలికి అంటకూడదు. అంటితే ఇంకా పచ్చిగా ఉన్నట్లే. దించిన తర్వాత పూర్తిగా చల్లారనిచ్చి, తాగేటప్పుడే గిన్నెలో మజ్జిగ, ఉప్పు కలుపుకొని, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకోవాలి. కుండలో ఉన్నదానికి ఉప్పు కలపకపోతే అది మరునాటి ఉదయం దాకా నిలుస్తుంది, కొంచెం ఎక్కువ పులుస్తుందంతే. నూరు గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. బియ్యంలో దాని జాడే తక్కువ. పొలానికి వెళ్ళేవారికి మా ఇంట్లో ఉదయపు తిండి ఎన్నడూ టిఫిను కాకపోవడానికి కారణం మాత్రం అది కాదు. అంబలి తాగి వెళ్ళినవారికి మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

అంబలి పక్కనే తరవాణి కుండ ఉంటుంది. కొత్త కుండను రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, అందులో వార్చిన గంజి, గుప్పెడు అన్నం, కొన్ని మంచినీళ్ళు పోసి పెట్టి, రోజూ ఆ పూట గంజిని చల్లార్చి అందులో కలుపుతూ వస్తే నాలుగో రోజుకు పుల్లబడుతుంది. రాత్రి మిగిలిన అన్నం మీద ఆ తేట పోసి ఉంచితే పొద్దున్నకు చద్దన్నం సిద్ధం. వారానికొకసారి కుండ ఖాళీ చేసి, రెండు గరిటెల పాత తరవాణి మూలంగా ఉంచుకొని, కుండ కడిగి మళ్ళీ మొదలుపెట్టాలి. ప్రెషర్ కుక్కరులో వండే ఇంట్లో గంజి ఉండదు, గంజి లేని ఇంట్లో తరవాణి ఉండదు. అందుకని కనీసం ఒక్క పూటైనా అన్నం వార్చి వండాలని నా సలహా.

పాలు: దాలి నుంచి కవ్వం దాకా

పాలను గ్యాసు మీద పది నిమిషాల్లో కాచి తోడు వేస్తే పెరుగు కాదని అనను. దాలిలో కాగిన పాలకు తోడు వేసిన పెరుగు తిన్నవారు మాత్రం గ్యాసు మీద కాచిన పాల పెరుగును మళ్ళీ ముట్టరు. పెరటిలో గాలి తగలని మూల జానెడు లోతు గుంట తీసి, రెండు మూడు పిడకలు విరిచి అంటించి, మంట ఆరి కణకణలాడే దశలో పైన ఊక చల్లితే దాలి తయారవుతుంది. ఉదయం ఎనిమిది గంటలకు పాల కుండను దాని మీద పెట్టి, మూత కొంచెం ఓరగా ఉంచితే, సాయంత్రం నాలుగు గంటలకు పాలు లేత ఎరుపు రంగు తిరిగి, పైన వేలి మందాన మీగడ కడుతుంది. మధ్యలో ఒకసారి నిప్పు చూసి, పొగ వస్తుంటే పిడక సర్దడం తప్ప చేయవలసిన పనేమీ లేదు. పొగ వచ్చే దాలి మీద పాలు పెడితే పెరుగంతా పొగ వాసనే.

పాలు గోరువెచ్చగా, అంటే చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టేదాకా ఉంచగలిగేంత వేడికి దిగినప్పుడు, లీటరుకు ఒక చెంచా తోడు వేసి, ఒక్కసారి కలిపి కదపకుండా ఉంచాలి. ఎండాకాలంలో ఆరు గంటలకే తోడుకుంటుంది. చలికాలంలో కుండ చుట్టూ గోనెపట్టా చుట్టి రాత్రంతా వదలాలి. తెల్లవారుజామున, ఎండ రాకముందే చిలకాలి. వాతావరణం చల్లగా ఉంటే వెన్న ముద్దగా చేరుతుంది, ఎండ ఎక్కాక చిలికితే చెదిరిపోతుంది. అందుకే వేసవిలో రాత్రి కూజాలో నింపి ఉంచిన చల్లని నీళ్ళు రెండు గ్లాసులు పోసి చిలకాలి. కవ్వం బరువెక్కినట్లు, మజ్జిగ శబ్దం మారినట్లు అనిపించిన దగ్గర ఆపి, తడిచేత్తో వెన్న తీయాలి.

అయిదారు రోజుల వెన్నను మజ్జిగలో మునిగేలా దాచి, ఒకేసారి కాచుకోవచ్చు. గేదె పాలలో వెన్నశాతం సాధారణంగా ఆరేడు ఉంటుంది కాబట్టి కిలో నెయ్యికి పదిహేను లీటర్లకు తక్కువ కాకుండా పాలు కావాలి; ఇంట్లో తాగగా మిగిలిన పాలతో నెలకు ఎంత నెయ్యి తీయగలరో దీన్ని బట్టి తేల్చుకోండి. నెయ్యి కాగేటప్పుడు చిటపట శబ్దం తగ్గి, అడుగున గసి బంగారు రంగుకు రాగానే గుప్పెడు మునగాకు వేసి దించేయాలి. మరో అర నిమిషం ఆగితే గసి మాడి, నెయ్యంతా ఆ వాసన పట్టేస్తుంది. మిగిలిన మజ్జిగ అంబలిలోకి, బియ్యం కడిగిన నీళ్ళు, కూరల తొక్కలు, గుప్పెడు తవుడు కలిసిన కుడితి గేదెలోకి పోతాయి. అక్కడితో ఆ రోజు చుట్టు పూర్తవుతుంది.

ఉదయపు వంట: పెరడు, ఆవ, గుండ

పది సెంట్ల పెరడులో మునగ, కరివేపాకు, అరటి, పనస చెట్లు శాశ్వతంగా ఉంటాయి. ఆనపపాదు, బీరపాదు, చిక్కుడు పందిరి కాలాన్ని బట్టి మారతాయి. కంద, చేమ నీడలో పడి ఉంటాయి. ఏ రోజు ఏ కూర అన్నది పెరడే చెబుతుంది గనుక దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ఉత్తరాంధ్ర వంటలో ఆవ పెట్టడం మాత్రం నేర్చుకోవలసిన విద్య.

లేత పనసకాయ పొట్టు గాని, అరటికాయ ముక్కలు గాని పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళు పిండేసి, శనగపప్పు, మినపప్పు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు పోపులో వేయించి, చింతపండు రసం పోసి తడి ఆరేదాకా మగ్గించాలి. ఈలోగా రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు వేసి రోట్లో కొంచెం నీళ్ళతో మెత్తగా నూరి పది నిమిషాలు పక్కన పెట్టాలి. ఆవాల ఘాటు పొడి గింజలో ఉండదు. నలిగి, తడి తగిలిన తర్వాతే పుడుతుంది. వేడి తగిలితే అది పోయి చేదు ఒక్కటే మిగులుతుంది. కాబట్టి కూర దించి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక, నూరిన ఆవ, ఒక చెంచా పచ్చి నువ్వుల నూనె కలపాలి. ఉడుకుతున్న కూరలో ఆవ వేసి, చేదుగా ఉందని ఆవాలను తిట్టేవారిని చాలామందిని చూశాను.

కూర లేని రోజున గుండలే దిక్కు. పావు కిలో నువ్వులను చిటపటలాడేదాకా దోరగా వేయించి చల్లార్చి, విడిగా వేయించిన పది ఎండుమిరపకాయలు, తగినంత ఉప్పుతో రోట్లో దంచాలి. మిక్సీలో ఆగకుండా తిప్పితే నూనె ఊరి ముద్దవుతుంది; తిప్పి ఆపి, తిప్పి ఆపి చేసుకోవాలి. గానుగ నుంచి నూనెతో పాటు తెచ్చుకున్న తెలగపిండిని మునగాకుతో కూర చేయడం బాలింతలకే పరిమితం కానవసరం లేదు. కిలో తెలగపిండి మనం ఉంచుకొని మిగిలింది గేదెకు పెడితే ఇద్దరికీ న్యాయం జరిగినట్లే.

ఎండాకాలం: ఆవకాయ, వడియాలు

ఏప్రిల్, మే నెలల ఎండను వృథా చేసుకుంటే ఏడాదంతా చింతించాలి. మా వైపు ఆవకాయకూ, గోదావరి జిల్లాల ఆవకాయకూ ముఖ్యమైన తేడా ఒకటుంది. అక్కడ పచ్చి ముక్కలకే గుండ, నూనె కలుపుతారు. మేము ముక్కలను ఉప్పులో ఊరబెట్టి, ఎండబెట్టి, ఆ తర్వాత గుండలు కలుపుతాం. అందులో నీరు చాలావరకు పోయి ఉప్పు, పులుపు చిక్కబడతాయి కాబట్టి తక్కువ నూనెతోనే నిలుస్తుంది, ముక్క నమలడానికి గట్టిగా ఉంటుంది. ఈ కింది పాళ్ళు మా ఇంటివి. పక్కింటివారివి వేరుగా ఉంటాయి, వారివే సరైనవని వారంటారు.

కాయ పీచు ఉన్నదై, టెంక ముదిరినదై, పుల్లగా ఉండాలి. సువర్ణరేఖ మా ప్రాంతానికి పేరు తెచ్చిన కాయే గాని, అది పండి తినడానికే బాగుంటుంది. ఊరగాయకు నాటుకాయే కావాలి. కాయలు నీళ్ళలో కడిగి, ఒక్కొక్కటి తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టి, టెంకతో సహా ముక్కలు కొట్టాలి. జీడి (టెంక లోపలి పప్పు), దాని కింద ఉండే కాగితంలాంటి పొర తీసేయాలి. ఆ పొర తీయడానికి బద్ధకిస్తే అదే ముందు పాడవుతుంది. అయిదు కిలోల ముక్కలకు ముప్పావు కిలో దంచిన రాళ్ళ ఉప్పు, రెండు చెంచాల పసుపు పట్టించి జాడీలో మూడు రోజులు ఉంచాలి. రోజుకొకసారి జాడీని ఎత్తి కుదపాలి, చెయ్యి పెట్టకూడదు. నాలుగో రోజు ఉదయం ముక్కలను ఊట నుంచి తీసి చాప మీద పలచగా పరిచి ఎండబెట్టాలి. ఊట ఉన్న జాడీని కూడా మూతికి పలచని గుడ్డ కట్టి ఎండలోనే పెట్టాలి. సాయంత్రం ముక్కలను మళ్ళీ ఊటలో వేయాలి, పొద్దున్న మళ్ళీ తీయాలి. ఇలా మూడు రోజులు చేసేసరికి ఊట చాలావరకు ముక్కల్లోకే ఇంకిపోయి, ముక్క అంచులు లోపలికి ముడుచుకుంటాయి. అదే గుర్తు.

ఆవాలను వేయించకుండా ఎండలో మాత్రమే కాచి, దంచి, జల్లించి 400 గ్రాములు సిద్ధం చేసుకోవాలి. దానికి అర కిలో కారం, దోరగా వేయించి దంచిన 50 గ్రాముల మెంతిపిండి కలిపి, ముక్కలను కొద్దికొద్దిగా ఆ గుండలో పొర్లించి, లీటరుంపావు నువ్వుల నూనెలో ముంచుతూ జాడీలో పేర్చాలి. తీపి ఇష్టపడేవారు ఈ దశలోనే అర కిలో తరిగిన బెల్లం కలుపుకుంటారు. మూడో రోజు తిరగగలిపి, ఉప్పు చూసి, నూనె ముక్కల పైన వేలెడు తేలేలా అవసరమైతే మరికొంత పోసి, జాడీ మూతికి గుడ్డ బిగించి కట్టాలి. వాడకానికి వేరే చిన్న జాడీలోకి తీసుకొని, పెద్ద జాడీని నెలకొకసారి కంటే తెరవకుండా ఉండడం ఉత్తమం.

ఒక ఏడు ముక్కలు ఎండే చివరి రోజున మబ్బు పట్టింది. జాడీని వసారా చూరు కిందకి జరిపి ఊరుకున్నాను, మూతి గుడ్డ మీద నాలుగు చుక్కలు పడినా లెక్క చేయలేదు. పదిహేను రోజులకు పైన తెల్లని బూజు కనిపించింది. పైపైన తీసేసి కింది భాగం వాడుకోవచ్చనుకోవడం నేను చేసిన రెండో తప్పు. బూజు కంటికి కనిపించినంత మేరే ఉండదు, కింద ముక్కలకూ ముక్కిన వాసన వచ్చింది. అయిదు కిలోల ఆవకాయనూ కొబ్బరిచెట్టు మొదట్లో పూడ్చిపెట్టాం. కొబ్బరికి ఉప్పు పడుతుందిలే అని అత్తగారు ఊరడించారు గాని, ఆ ఏడంతా పక్కిళ్ళ నుంచి గిన్నెడు గిన్నెడు అడిగి తెచ్చుకోవలసి వచ్చింది.

వడియాల పని దీనికన్నా ముందే, మాఘ ఫాల్గుణాల్లో ముగించాలి. బూడిదగుమ్మడికాయను సాయంత్రం సన్నగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి, గుడ్డలో మూటకట్టి, పైన సన్నికల్లు ఎత్తి రాత్రంతా నీరు కారనివ్వాలి. అదే సాయంత్రం నాలుగు కిలోల కాయకు కిలో చొప్పున మినపప్పు నానబెట్టాలి. పొద్దున్నే పప్పును దాదాపు నీళ్ళు పోయకుండా గట్టిగా రుబ్బి, పచ్చిమిరప ముద్ద, పిండిన ముక్కలు కలిపి, తొమ్మిది గంటల లోపు తడిగుడ్డ మీద పెట్టడం పూర్తి చేయాలి. మొదటి రోజు గట్టి ఎండ దొరకకపోతే వడియం లోపల పులిసి, వేయిస్తే నూనె తాగుతుంది. రెండో రోజు గుడ్డ వెనక నీళ్ళు చల్లి ఊడదీసి, తిరగేసి మరో మూడు రోజులు ఎండబెట్టాలి.

తుఫానుల కాలానికి ముందే నిల్వలు

అక్టోబరు, నవంబరు నెలలు మా తీరానికి తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మా ఊళ్ళో కరెంటు స్తంభాలు పడిపోయి, వారం దాటినా దీపం వెలగలేదు. పిండిమర మూతపడింది. ఇంట్లో అరవై కిలోల చోళ్ళు ఉన్నాయి, పిండి మాత్రం రెండు రోజులకు సరిపడేంతే మిగిలింది. పశువులశాలలో మూలకు చేరిన తిరగలిని కడిగి, దానికి కొత్త పిడి చెక్కించి తిప్పితే, రాళ్ళు అరిగి నున్నబడిపోవడం వల్ల గింజ నలగకుండా జారిపోయింది. ఆ తర్వాత దానికి కక్కు కొట్టించి (రాళ్ళకు గంట్లు పెట్టించి), రెండేళ్ళకొకసారి కొట్టిస్తూనే ఉన్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటలను నేలమట్టం చేసిన రోజున మాకు దెబ్బ పెద్దగా తగలలేదు; తిరగలి మాత్రం సిద్ధంగా ఉంది. కాబట్టి సెప్టెంబరు నెలాఖరుకల్లా పదిహేను రోజుల పిండి, నెల రోజుల ఎండు కట్టెలు, పిడకలు వసారాలో వాన తగలని ఎత్తున చేర్చి పెట్టుకోవాలి.

ధాన్యం నిల్వకు మా పెద్దలు వాడిన పురి ఇప్పటికీ పనికొస్తుంది. రాళ్ళ మీద చెక్కలు పరిచి, గడ్డి వేసి, గడ్డితో పేనిన లావుపాటి తాడును ధాన్యం పోస్తున్న కొద్దీ చుట్టుకుంటూ పైకి తేవాలి. చివరకు పైన గడ్డి కప్పి మట్టి, పేడ మెత్తాలి. పురిలోకి వెళ్ళే గింజను పంటి కింద పెడితే కటుక్కుమని విరగాలి, నొక్కుకుపోతే మరో రెండు ఎండలు కావాలి. మినుములు, పెసలు బాగా ఎండబెట్టి, కిలోకు ఒక చెంచా నువ్వుల నూనె చేత్తో పట్టించి డబ్బాలో వేస్తే పుచ్చదు. వేరుశనగ గింజల్లో ముడతలు పడినవీ, బూజు వాసన వచ్చేవీ ఏరి పారేయాలి. వాటిలో చేరే విషం వేయించినా పోదు, పశువులకూ పెట్టకూడదు.

విత్తనాలకు వేరే చోటు కావాలి. ఆనప, బీర పాదుల్లో మొదటి కాపులో వచ్చిన మంచి కాయను ఒకటి తెంపకుండా తీగకే ఎండనివ్వాలి. గింజలు తీసి, బూడిదలో పొర్లించి, పచ్చి పేడ ముద్దలో అదిమి, పిడకలా చేసి గోడకు కొట్టాలి. ఏ గోడ మీది పిడకలో ఏ విత్తనం ఉందో సుద్దతో పక్కన రాసుకోవాలి, లేకపోతే బీర అనుకొని ఆనప నాటవలసి వస్తుంది. తొలకరి పడి నేల తడిసిన మరునాడు పిడకను ఊడదీసి, సాయంత్రం నీళ్ళలో వేసి, తెల్లవారి పేడ కరిగి విడిపోయిన గింజల్లో అడుగుకు మునిగినవాటిని మాత్రం ఏరి, పందిరి గుంజ మొదట్లో గుంటకు మూడేసి చొప్పున నాటాలి.